చేపనూనె గుళికలూ చక్కెర వ్యాధీ

సంపాదకులకు,

చేపనూనె గుళికలు మింగితే చక్కెర అదుపులోకి వస్తుందన్న ప్రచారాన్ని నమ్మి, అసలు మందులు తగ్గించుకుంటున్నవారిని చూసి ఈ లేఖ రాస్తున్నాను. టైప్ 2 మధుమేహం ఉన్న 1,075 మందిపై జరిగిన 23 ప్రయోగాలను వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2008లో క్రోడీకరించగా, సముద్ర చేపల ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల వల్ల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గాయే గాని, పరగడుపు చక్కెరలో గాని, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీలో గాని చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు; పైగా చెడు కొలెస్ట్రాల్ అనబడే ఎల్‌డీఎల్ కొద్దిగా పెరిగింది.

పోనీ గుండెకైనా రక్షణ ఉందా అంటే, అప్పటికి గుండెజబ్బు లేని 15,480 మంది మధుమేహులతో సాగి 2018లో వెలువడిన అసెండ్ ప్రయోగంలో, రోజుకొక గ్రాము గుళిక వేసుకున్నవారిలో 8.9 శాతం మందికి, పోలిక కోసం ఆలివ్ నూనె గుళిక వేసుకున్నవారిలో 9.2 శాతం మందికి తీవ్రమైన గుండె, రక్తనాళ సమస్యలు వచ్చాయి. ఆ తేడా లెక్కలోకి రాదు.

సీసా మీద పెద్ద అక్షరాలతో ‘1000 మిల్లీగ్రాములు’ అని ఉంటుంది. వెనక్కి తిప్పి, కళ్లజోడు సవరించుకుని చదివితే, చాలా రకాల్లో అసలు ఒమేగా-3 ఆమ్లాలైన ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే. మిగిలిందంతా వేరే కొవ్వు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువైనవారికి వైద్యులు పెద్ద మోతాదులో రాసిచ్చే ఒమేగా-3 మందు సంగతి వేరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు