ఇసుకలో నిలిచే గుడారం కావాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

సంక్రాంతి సెలవులకో, వారాంతపు విడిదికో గుడారం వెంట తీసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లే కుటుంబాలు ఈ మధ్య మా కావలి ప్రాంతంలో తరచుగా కనిపిస్తున్నాయి. తుమ్మలపెంట, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఆదివారం ఉదయం రంగురంగుల గుడారాలు చూస్తే నాకు నిజంగా సంతోషం కలుగుతుంది. పిల్లలు ఒక రాత్రి అలల చప్పుడు వింటూ నిద్రపోవడం మంచిదే. కానీ ఆ గుడారాల్లో చాలా వాటిని మన ఇసుకకు, మన గాలికి తగినవో కావో చూడకుండా, పెట్టె మీద ముద్రించిన అంకెను మాత్రమే చూసి కొంటున్నారు. ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి, నా అనుభవం పదిమందికి తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేస్తూ చాలాకాలం ఎన్‌సీసీ అధికారిగా విద్యార్థులను శిబిరాలకు తీసుకువెళ్లినవాణ్ని. ఆ కాన్వాసు గుడారాలు బరువైనవి. చెక్క గూటాలు, లావుపాటి తాళ్లు, చుట్టూ నీరు పోవడానికి తవ్వే చిన్న కాలువ, ఇదంతా గట్టి నేల మీద జరిగే పని. రెండేళ్ల కిందట సంక్రాంతికి పిల్లలంతా ఇంటికి వచ్చినప్పుడు, మేము తొమ్మిదిమంది ఒకే కప్పు కింద ఉండాలని పదిమందికి సరిపోతుందని రాసి ఉన్న గుడారాన్ని కొన్నాము. ఉదయం తొమ్మిది గంటలకు తుమ్మలపెంట ఒడ్డున దాన్ని నిలబెట్టేటప్పుడు ఆకు కదలడం లేదు. సముద్రం కనబడాలని వాకిలి తూర్పుకు పెట్టాము. మధ్యాహ్నం దాటిన తర్వాత సముద్రపు గాలి మొదలై, నాలుగు గంటలకల్లా తెరచి ఉన్న వాకిలిలో నుంచి లోపలికి దూరి గుడారాన్ని బుడగలా ఉబ్బించింది. గూటాలు ఒకదాని తర్వాత ఒకటి ఇసుకలో నుంచి లేచి వచ్చాయి. ఒక ఫైబర్ కడ్డీ నిలువునా చీలి, దాని కొన గుడ్డను చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ సమయంలో లోపల మా అత్తగారు పడుకుని ఉన్నారు. ఆమెకు దెబ్బ తగలలేదు కానీ, ఎనభై ఏళ్ల మనిషిని కూలుతున్న గుడ్డ కింద నుంచి ఎత్తుకుని బయటికి తీసుకువచ్చిన ఆ నిమిషాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

అక్కడే వలలు బాగుచేసుకుంటున్న ఒక జాలరి పెద్దాయన వచ్చి చూసి, "ఇసకలో నిలువు గూటం ఆగదు సార్, అడ్డంగా పూడ్చాల" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గుడారంతో పాటు ఇచ్చే సన్నని ఇనుప ఊచలు జానెడు పొడవు ఉంటాయి. గట్టి మట్టి వాటిని చుట్టూ బిగించి పట్టుకుంటుంది, పొడి ఇసుకకు ఆ పట్టు లేదు. దానికి బదులు మూరెడు కర్రముక్క నడుమ తాడు కట్టి, ఆ కర్రను గాలి లాగే దిక్కుకు అడ్డంగా అడుగున్నర లోతున పూడ్చి, పైన ఇసుకను తొక్కి గట్టిపరిస్తే, దాన్ని పెకలించాలంటే పైనున్న ఇసుక బరువునంతా ఎత్తాలి. కర్ర లేకపోతే ఖాళీ ఎరువుల సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, అదే విధంగా పూడ్చవచ్చు. మేము ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ పది ఖాళీ సంచులు, ఒక పార కారులో వేసుకుని వెళ్తున్నాము. తాడు నేలకు సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. మరీ నిటారుగా ఉంటే గూటాన్ని పైకి లాగుతుంది. కాలికి తగిలి పిల్లలు పడకుండా ప్రతి తాడుకూ ఒక తెల్లని గుడ్డపేలిక కట్టడం మా మనవరాలికి అప్పగించిన పని.

గాలి గురించి ఇంకొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. గాలి వేగం రెండింతలైతే గుడారం గోడ మీద పడే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. కాబట్టి ఉదయం చక్కగా నిలిచిన గుడారం సాయంత్రం కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదు. పెద్ద గుడారం ఎత్తుగా, విశాలంగా ఉండడమే దాని సుఖం, అదే దాని బలహీనత కూడా. తీరంలో పగటి గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి, రాత్రి నేల మీద నుంచి సముద్రం వైపుకు వీస్తుంది. పగటి గాలే బలమైనది. అందువల్ల తూర్పు వైపుకు గుడారంలో అన్నిటికంటే తక్కువ ఎత్తు, తక్కువ వెడల్పు ఉన్న పక్కను పెట్టి, వాకిలి పడమటికి తిప్పుకోవడం మేలు. సముద్రం చూడాలంటే నాలుగు అడుగులు బయటికి నడిస్తే సరిపోతుంది. సరుగుడు తోపు వెనుక చాటున వేసుకుంటే గాలి తాకిడి చాలావరకు తగ్గుతుంది, అయితే ఎండిన కొమ్మల కిందా, తాటి, కొబ్బరి చెట్ల కిందా ఎన్నడూ వేయకూడదు. అలలు వదిలివెళ్లిన చెత్త గీత ఎక్కడ ఉందో చూసి, దానికి బాగా ఎగువన వేసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఆ గీతను దాటవచ్చు.

ఇక గుడారం కొనేటప్పుడు చూడవలసిన సంగతులు. తయారీదారులు రాసే అంకె మనుషులు భుజానికి భుజం ఆనించి పడుకుంటే పట్టే లెక్క. ఒక్కొక్కరికి సుమారు 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల వెడల్పు మాత్రమే వస్తుంది. పెట్టెలు, నీళ్ల క్యానులు, పసిపిల్లల సామాను ఆ లెక్కలో లేవు. ఆరుగురి కుటుంబానికి పదిమంది గుడారం అవసరమవుతుందని నా అభిప్రాయం. అంకె కంటే నేల కొలత అడుగుల్లో ఎంత, నడుమ ఎత్తు ఎంత అన్నవి అడగండి. పెద్దవాళ్లు వంగకుండా నిలబడి చీర కట్టుకోగలిగేంత ఎత్తు, అంటే కనీసం ఆరడుగులు, నడుమ ఒక తెర ఉంటే ఇంట్లోవాళ్లకు ఎంతో సౌకర్యం. వాకిళ్లు రెండు ఉండాలి. ఒకటి తెరుచుకోకపోతే రెండోది దారి ఇస్తుంది.

గుడ్డ వాన నీటిని ఎంతవరకు ఆపుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద నీటి స్తంభాన్ని నిలిపి, ఏ ఎత్తు దగ్గర నీరు ఊరడం మొదలవుతుందో చూసే పరీక్ష ఇది. 1500 మిల్లీమీటర్లు మామూలు వానకు చాలు. మన తీరంలో కురిసే వానకు 3000 ఉన్న గుడ్డనే నేను ఎంచుకుంటాను. అడుగు గుడ్డకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మోకాలు, మోచెయ్యి ఆనినచోట నీరు ఒత్తిడితో పైకి వస్తుంది. కుట్ల మీద టేపు అతికించి ఉందా లేదా అన్నది వేలితో తడిమి చూడవచ్చు. నీరు కారేది చాలాసార్లు గుడ్డలోంచి కాదు, కుట్టు రంధ్రాల్లోంచి. కడ్డీలు ఫైబర్‌వి అయితే చవక, కానీ బలమైన గాలికి నా గుడారంలో జరిగినట్టే చీలుతాయి. అల్యూమినియం కడ్డీలు వంగినా సర్దుకోవచ్చు. గుడారం అడుగున వేసే పట్టా గుడారం కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. అది బయటికి వస్తే పైనుంచి జారిన వాన నీరంతా దాని మీద పడి మన పడక కిందికి చేరుతుంది. ఈ ఒక్క విషయం తెలియక రాత్రంతా తడిసి, మంచి గుడారాన్ని నిందించిన కుటుంబాలు నాకు తెలుసు.

జనవరి రాత్రుల్లో లోపలి గుడ్డ మీద పట్టే నీటి బొట్లను చూసి కారుతోందని కంగారు పడవద్దు. తొమ్మిదిమంది ఊపిరిలోని తేమ చల్లని గుడ్డకు తగిలి నీరవుతుంది. చలి వేస్తుందని అన్ని గవాక్షాలూ మూసేస్తే ఆ చెమ్మ ఇంకా పెరుగుతుంది. దోమతెర ఉంచి, పైనున్న గాలి సందులను తెరిచే ఉంచాలి.

ఈ సందర్భంలో నేను చేతులు జోడించి చెప్పవలసిన మాట ఒకటుంది. గుడారం లోపల బొగ్గుల కుంపటి పెట్టడం, గ్యాసు పొయ్యి వెలిగించడం, బయటికి వెళ్లే ఓపిక లేక ముందు వాకిట్లోనే వంట చేయడం చూశాను. మండే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లను అలాగే నిద్రలోనే చంపుతుంది. పాలియెస్టర్ గుడ్డకు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. దోమల చుట్టను కూడా లోపల వెలిగించవద్దు. వంట బయట, గాలి వాలున, గుడారానికి కనీసం పది అడుగుల దూరంలో చేసుకోండి.

మన జిల్లాల విషయంలో కాలాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాష్ట్రంలో చాలా చోట్ల వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరుకు తగ్గుతాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కార్తీక మాసం సరిగ్గా ఆ నెలల్లోనే పడుతుంది. వనభోజనాలకు వెళ్లి మధ్యాహ్నం భోంచేసి తిరిగి రావడం వేరు, అక్కడే గుడారం వేసి రాత్రి ఉండడం వేరు. 1989 నవంబరులో మా కావలి దగ్గర తీరం దాటిన తుఫానును ఇక్కడి పాతతరం ఎవరూ మరచిపోలేదు. 2021 నవంబరులో పెన్నా వరదకు రైలు పట్టాలు, జాతీయ రహదారి ఎలా తెగిపోయాయో మీ పాఠకులందరికీ తెలుసు. కాబట్టి రాత్రి బసకు జనవరి, ఫిబ్రవరి నెలలు నయం. వేసవిలో మధ్యాహ్నం గుడారంలో కూర్చోవడం అసాధ్యం, పెద్దవాళ్లకు ప్రమాదకరం కూడా.

సముద్రం కాకుండా ఉదయగిరి, పెంచలకోన, భైరవకోన, సోమశిల వైపు వెళ్లేవారికి ఇసుక బాధ లేదు కానీ వేరే బాధలు ఉన్నాయి. ఉదయగిరి వైపు రాతినేలలో గూటం దిగదు, తాళ్లను బండరాళ్లకు కట్టాలి. ఎండిన వాగులో చదునుగా, మెత్తగా ఉందని గుడారం వేయడం ప్రాణాపాయం. ఎగువన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ చినుకు పడకుండానే వాగును నింపుతుంది. నల్లమల అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

నా అనుభవం మీద ఇంకొక అభిప్రాయం చెబుతాను. లోతట్టు ప్రాంతానికైతే ఒక్క పెద్ద గుడారమే మంచిది, అందరూ ఒకచోట ఉంటారు. ఇసుక తీరానికి మాత్రం పదిమంది గుడారం ఒకటి కంటే, ఆరుగురి గుడారాలు రెండు ఎదురెదురుగా వేసి నడుమ ఒక పట్టా కట్టుకోవడం మేలని ఇప్పుడు నమ్ముతున్నాను. ఒక్కొక్కదాని మీద గాలి తాకిడి తక్కువగా ఉంటుంది, ఒకటి కూలినా రెండోది ఆసరా అవుతుంది, బరువు ఇద్దరు పంచుకుని మోయవచ్చు. పెద్ద గుడారం ఒక్కటే ఇరవై కిలోలు దాటవచ్చు. ఏది కొన్నా, బయలుదేరే ముందు ఒకసారి డాబా మీదో పెరట్లోనో పూర్తిగా నిలబెట్టి, పైపుతో నీళ్లు కొట్టి చూడండి. తిరిగి వచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి మడవండి. తడిగా మడిస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. జిప్పు పళ్లకు కొవ్వొత్తి రుద్దితే ఉప్పుగాలికి పట్టేయదు.

ఒక్క విషయం పర్యాటకుల బాధ్యతగా గుర్తుచేస్తున్నాను. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఇసుక మీద పెద్ద దీపాలు వెలిగిస్తే తల్లి తాబేలు వెనుదిరుగుతుంది, పిల్లలు దారితప్పి నేలవైపు పాకుతాయి. గుడారంలో చిన్న దీపం చాలు.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. గుడారాలు అమ్మేవారు నేల కొలత, ఎత్తు, బరువు, వాన నిలిపే మిల్లీమీటర్ల అంకె, కడ్డీల రకం తెలుగులో ఒక చీటీ మీద రాసి పెట్టె మీద అతికించాలి. పర్యాటక శాఖ తుమ్మలపెంట, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో సరుగుడు తోపు వెనుక ఒక స్థలాన్ని గుడారాల కోసం గుర్తించి, అక్కడ మంచినీటి కుళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, తాళ్లు కట్టుకోవడానికి నేలలో పాతిన కాంక్రీటు కొంకులు ఏర్పాటు చేయాలి. కొంకులకు పెద్ద ఖర్చు కాదు, వాటివల్ల ఎన్నో గుడారాలు నిలుస్తాయి.

ఇక మీ పత్రికకే ఒక విన్నపం. రోజూ మీరు ఉష్ణోగ్రతలు ప్రచురిస్తున్నారు. శనివారం సంచికలో ఆదివారం నాటి తీరప్రాంత గాలి వేగం అంచనాను, సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల గురించి ఏదైనా హెచ్చరిక ఇచ్చి ఉంటే దాన్ని కూడా ఆ పక్కనే నెల్లూరు, ప్రకాశం పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ రెండు పంక్తులు శుక్రవారం సాయంత్రమే మీ కార్యాలయానికి అందుబాటులో ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.