మిగిల్చిన కరెంటుకు రైతుకు వెల కట్టండి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు జిల్లాలో భూగర్భ జలాలు అడుగంటడానికి రైతుల దురాశే కారణమని, అనుమతి లేకుండా బోర్లు వేసినవారిపై కేసులు పెట్టాలని ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. నేను పెనుమూరు మండలంలో మామిడి తోట, కాస్త వరి, రెండు పాడి ఆవులతో బతుకుతున్న రైతును. నీళ్లు పోతున్నాయన్న ఆయన బాధ నాకూ ఉంది. మా నాన్న కాలంలో బావిలోనే దొరికిన నీటి కోసం నేను ఎనిమిది వందల అడుగుల లోతుకు పోవలసి వచ్చింది. కానీ ఆయన చెప్పిన మందు ఈ జబ్బుకు పనిచేయదు.

నీరు, భూమి, చెట్లను కాపాడేందుకు తెచ్చిన వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. నీటిమట్టం మరీ పడిపోయిన గ్రామాల్లో కొత్త బోర్లపై నిషేధం ఉంది. అయినా ఎండాకాలం వస్తే తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు రిగ్గుల చప్పుడు రాత్రిళ్లు మా చుట్టుపక్కల వినిపిస్తూనే ఉంటుంది. నేను తోడకుండా వదిలిన నీటిని రేపు పక్క పొలం మోటారు తోడేస్తుంది. వదిలినందుకు నాకు పైసా రాదు, కరెంటు ఉచితం కాబట్టి తోడినందుకు పైసా ఖర్చు లేదు. ఈ లెక్క ఇలాగే ఉన్నంతకాలం ఏ తహసీల్దారు వచ్చినా రైతు చేయి స్విచ్ మీదికే పోతుంది.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలుపై తొలి సంతకం చేసిన రోజు మా ఊరు సంబరం చేసుకుంది. వరుస కరువులు, కరెంటు బకాయిలు రైతు మెడకు చుట్టుకున్న రోజులవి. ఆ సాయాన్ని ఎత్తివేయమని నేను ఎన్నడూ అడగను. దాన్ని ఇచ్చే తీరు మార్చమంటున్నాను. ఇప్పుడు రోజుకు తొమ్మిది గంటలు కరెంటు వస్తుంది. మా వైపు దాదాపు ప్రతి బోరుకూ ఆటోమేటిక్ స్టార్టర్ ఉంది. లైన్‌లో కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. ముందురోజు వాన పడినా, మడి నిండి గట్టు తెగినా తిరుగుతూనే ఉంటుంది. ఏడున్నర హార్స్‌పవర్ మోటారు తొమ్మిది గంటలు తిరిగితే సుమారు 50 యూనిట్లు ఖర్చవుతాయి. అది బొగ్గు కరెంటయితే యూనిట్‌కు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వాతావరణ మార్పు మామిడి రైతుకు తెలియని మాట కాదు. పూత వేళ తప్పడం, పిందె నిలిచే సమయంలో అకాల వాన పడడం మేము కళ్లారా చూస్తున్నాం. ఎవరికీ అక్కరలేని నీటిని తోడడానికి బొగ్గు కాల్చి, ఆ నష్టాన్ని మేమే మరింత పెంచుకుంటున్నాం.

పంజాబ్ 2018లో ఒక పని చేసింది. ఎంపిక చేసిన ఫీడర్లలో, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వచ్చే కరెంటు లైన్లలో, ఇష్టపడిన రైతులకు మాత్రమే, మోటారు సామర్థ్యాన్ని బట్టి ఇన్ని యూనిట్లు అని కోటా పెట్టింది. అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు రైతు బ్యాంకు ఖాతాలో వేసింది. కోటా దాటినా బిల్లు లేదు. మా మోటారు లెక్కన చూస్తే వాన పడిన రోజు స్టార్టర్ ఆపి పెట్టిన రైతుకు 200 రూపాయలు మిగులుతాయి. మా వైపు చిన్న రైతుకు అది పశువుల దాణా ఖర్చు. ఎవరూ బెదిరించనక్కరలేదు, ఏ అధికారీ పొలానికి రానక్కరలేదు.

మన రాష్ట్రంలోనూ 2020 సెప్టెంబరులో వ్యవసాయ విద్యుత్‌కు నగదు బదిలీ అని ఉత్తర్వు వచ్చింది, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం జరిగింది. మీటర్లు రైతు మెడకు ఉరితాళ్లని ప్రతిపక్షాలు అన్నాయి. మీటరును చూసి నేను భయపడలేదు. ఆ పథకంలో నాకు కనిపించిన లోపం వేరు. బిల్లు సొమ్ము రైతు ఖాతాలో పడి, అక్కడి నుంచి విద్యుత్ సంస్థకు వెళ్లిపోయే ఏర్పాటు అది. తక్కువ వాడిన రైతు చేతిలో ఒక్క రూపాయీ నిలవదు. పొదుపు చేసినవాడికి వాటా లేని మీటరును రైతు అనుమానించడంలో తప్పేముంది?

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి రైతులు 2016లో సౌర పంపులతో సహకార సంఘం పెట్టుకున్నారు. పొలానికి చాలినంత తోడుకుని, మిగతా కరెంటును యూనిట్ 4 రూపాయల 63 పైసలకు విద్యుత్ సంస్థకు అమ్మారు. సబ్సిడీ మీద ఊరికే సౌర పంపు ఇచ్చి వదిలేస్తే అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లే తోడుతుంది. ఆ కరెంటుకు కొనేవాడు ఉంటేనే రైతు ఎండను కూడా ఒక పంటగా చూస్తాడు.

ధర, పోటీ అనగానే ఇది పెద్ద కంపెనీల మాట అని కొట్టిపారేసే మిత్రులు నాకు ఉన్నారు. ప్రభుత్వం తప్పుకోవాలని నేను అనడం లేదు. హద్దు, వెల ప్రభుత్వమే నిర్ణయించాలి. ఆ హద్దులో ఎలా తగ్గించుకోవాలో మాత్రం మనుషులకు వదలాలి. సూరత్‌లో 2019లో కాలుష్య నియంత్రణ మండలి మిల్లుల పొగగొట్టాల ధూళికి మొత్తం మీద ఒక పరిమితి పెట్టి, ఆ పరిమితిలో ధూళి వదిలే అనుమతులను మిల్లులు ఒకదానికొకటి అమ్ముకోనిచ్చింది. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గినట్టు పరిశోధకులు లెక్కగట్టారు. 2010లో యూనిట్‌కు 17 రూపాయలు దాటిన సౌర విద్యుత్ ధర, 2017లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది.  పెద్ద పరిశ్రమల కోసం కేంద్రం 2023లో కార్బన్ క్రెడిట్ల పథకాన్ని, అంటే తగ్గించిన కార్బన్ పొగకు అమ్ముకోదగిన పత్రాలిచ్చే పథకాన్ని, ప్రకటించింది. సిమెంటు కర్మాగారం తగ్గించిన పొగకు విలువ కట్టగలిగినప్పుడు, రైతు తోడకుండా ఆపిన నీటికి ఎందుకు కట్టలేము?

ఇప్పటి ఉచితం న్యాయంగా ఉందని కూడా నాకు అనిపించదు. ఎన్ని బోర్లు, ఎంత పెద్ద మోటారు ఉంటే అంత సాయం. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే మా ఊరి మెట్ట రైతుకు ఇందులో దక్కేది సున్నా. కొత్త పద్ధతిలో మిగిలిన డబ్బులో కొంత అతనికి చేరాలి. కౌలు రైతు సంగతి ఇంకా ముఖ్యం. మీటరు భూమి యజమాని పేరున ఉంటుంది, మోటారు ఆపేది కౌలుదారు. సొమ్ము యజమాని ఖాతాలో పడితే పథకం మొదటి ఏడాదే విఫలమవుతుంది. కౌలు గుర్తింపు కార్డు ఉన్నవారి ఖాతాకే అది నేరుగా వెళ్లాలి. కార్డు లేని వారికి ముందు కార్డు ఇవ్వాలి. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం గట్టిగా నిలబడకపోతే నేనే ఈ పథకాన్ని వ్యతిరేకిస్తాను.

దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయం తిరుపతిలోనే ఉంది. వచ్చే ఖరీఫ్‌కు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒక్కో ఫీడర్ తీసుకుని, ఒప్పుకున్న రైతులతోనే మొదలుపెట్టమని ఆ సంస్థను, ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కోటా ఎంతో ఊరి సభలో ముందే చదివి వినిపించాలి, మధ్యలో తగ్గించకూడదు. మిగిల్చిన యూనిట్ల సొమ్ము ఏ నెలది ఆ నెలే ఖాతాలో పడాలి. రెండు నెలలు ఆలస్యమైనా రైతు మళ్లీ ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టేస్తాడు.

ఒక మామిడి రైతు,
పెనుమూరు మండలం, చిత్తూరు జిల్లా