మూడుసార్లు మూసేసిన నా ఫిర్యాదు గురించి, నాలుగోసారి

హైదరాబాద్,
19 డిసెంబర్ 2025

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

అయ్యా లేదా అమ్మా,

ముందే చెప్పేస్తున్నాను, నా బాధ టైర్ల గురించి కాదు. టైర్ల సంగతి నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నవంబర్ 8, శనివారం మీ కూకట్‌పల్లి షోరూమ్‌లో కారుకి నాలుగు టైర్లు వేయించుకున్నాను. 72,400 రూపాయలు కట్టాను. బిల్లులో నాలుగూ ఒకే మోడల్. కారుకి ఉన్నవి మాత్రం ముందు రెండూ నేను అడిగినవి, వెనక రెండూ అదే కంపెనీ పాత మోడల్. వాటి మీద తయారీ నంబర్ 1122, అంటే 2022లో పదకొండో వారం. ముందువాటి మీద 2925.

పొరపాటు. ఎవరైనా చేస్తారు. ఆ సోమవారమే ఎవరో ఒకరు “అవును సార్, తప్పు జరిగింది, తీసుకురండి మార్చేస్తాం” అని ఉంటే మీ దగ్గర ఒక టీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేసేవాణ్ణి. ఇవాళ్టికి 41 రోజులైంది. ఆ ఒక్క మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

ఆదివారం పొద్దున కారు కడుగుతుంటే చూశాను. సోమవారం తొమ్మిదిన్నరకే మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమన్నారు, నొక్కాను. పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించాక వచ్చిన అమ్మాయి హిందీలో మాట్లాడింది. సరే, నాకూ హిందీ వచ్చు. మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని అడిగిన మొదటి ప్రశ్న: “టూ వీలరా సార్, ఫోర్ వీలరా?” నాలుగు టైర్లు అని అప్పటికి ఐదుసార్లు చెప్పి ఉంటాను. తర్వాత కారు నంబరు, బిల్లు నంబరు, నా పుట్టినతేదీ అడిగింది. టైరు పుట్టినతేదీ చెబుతుంటే మాత్రం “అది మా ఫారంలో లేదు సార్” అంది. 48 గంటల్లో ఫోన్ వస్తుందంది.

48 గంటలకి మెసేజ్ వచ్చింది. “మీ సమస్య పరిష్కారమైంది, మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు.” నిజమేనేమోనని కిందికి దిగి పార్కింగ్‌లో చూసొచ్చాను కూడా. అవే టైర్లు.

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఒక అబ్బాయి, చాలా మర్యాదస్తుడు. ప్రతి వాక్యానికీ “మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది సార్” అంటాడు. ఏం అర్థమైందో చెప్పమంటే “హోల్డ్‌లో పెడుతున్నాను సార్” అన్నాడు. నా ఫిర్యాదు నంబరు, అదే మీ టికెట్, ఎందుకు మూసేశారయ్యా అంటే, “మధ్యాహ్నం 2:10కి కాల్ చేశాం, మీరు ఎత్తలేదు” అన్నాడు. ఫోన్ చూసుకున్నాను. నిజమే, ఒక మిస్డ్ కాల్ ఉంది. ఒక్క రింగు. ఆ ఒక్క రింగులో నా సమస్య పరిష్కారమైపోయింది.

వాట్సాప్‌లో మీకొక యంత్రం ఉంది. నమస్తే పెడుతుంది, బొమ్మ కూడా పంపుతుంది. కొత్త టైర్లు కొనడానికి ఒకటి, దగ్గరి షోరూమ్‌కి రెండు, ఆఫర్లకి మూడు. ఫిర్యాదుకి నంబరే లేదు. నేనే “ఫిర్యాదు” అని టైప్ చేశాను. “క్షమించండి, అర్థం కాలేదు” అంది. మీ సంస్థలో నాకు క్షమాపణ చెప్పింది ఇంతవరకూ అదొక్కటే, కాబట్టి దాని మీద నాకు కోపం లేదు.

ఇక మీ షోరూమ్. నాలుగుసార్లు వెళ్ళాను, ఆఫీసుకి రెండు సగం సెలవులు పెట్టి మరీ. మొదటిసారి మేనేజర్ గారు భోజనానికి వెళ్ళారు. రెండోసారి మీటింగ్‌లో ఉన్నారు. మూడోసారి అద్దం తలుపు వెనక కనిపించారు కానీ నన్ను చూసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. మా ఊళ్ళో వెనకటికి తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసేవారు. మీరూ గుమ్మం మీద “ఓ కస్టమర్ రేపు రా” అని రాయించండి, మాకు పెట్రోలన్నా మిగులుతుంది.

నాలుగోసారి దొరికారు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి “సిస్టమ్‌లో నాలుగూ మ్యాచ్ అయ్యాయి కదా సార్” అన్నారు. సిస్టమ్‌లో కాదు, బయట ఎండలో కారు ఉంది, పది అడుగులు వేసి చూడండి అన్నాను. చూడలేదు. పాత మోడల్‌లో ఆ సైజు వేగం రేటింగ్, అంటే టైరు తట్టుకునే గరిష్ఠ వేగానికి గుర్తు, W, నేను అడిగింది అంతకంటే ఎక్కువైన Y అంటే నవ్వారు. “W అంటే 270 సార్, మన రోడ్ల మీద 270 ఎవరు పోతారు?”

నేనూ పోను. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 దాటితే చలానా ఇంటికొస్తుందని నాకూ తెలుసు. నేను అడిగింది వేగం కాదు, ఒకేలాంటి నాలుగు టైర్లు. ముందు కొత్త రబ్బరు, వెనక మూడున్నరేళ్ళు గోడౌన్‌లో పడున్న రబ్బరు ఉంటే వానలో వెనక చక్రాలే మొదట పట్టు వదులుతాయి, కారు తోక తిరుగుతుంది. ముందు జారితే బ్రేకు నొక్కి, స్టీరింగ్ పట్టుకుని ఏదో చేసుకుంటాం. వెనక జారితే మనలాంటి వాళ్ళ చేతుల్లో ఉండదు. అందుకే రెండే కొత్తవి వేస్తే వాటిని వెనక వేయమంటారు. మేనేజర్ గారేమో “ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా సార్, మంచివి ముందే ఉండాలి” అని నాకే పాఠం చెప్పారు. మొన్న చినుకుల్లో శామీర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ దిగుతుంటే వెనక భాగం కొంచెం పక్కకి జరిగింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆవిడకి తెలియలేదు, నేనూ చెప్పలేదు.

ఈ టైర్లు ఎంచుకోవడానికి నాకు నెల రోజులు పట్టిందని కూడా తెలుసుకోండి. ఇది మామూలు సైజు కాదు. టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో నలభై శాతం, అంటే తొమ్మిది సెంటీమీటర్లే పక్కగోడ. మన గుంతల్లో ఒక్క దెబ్బకి ఉబ్బుతుంది. ఒక అంగుళం చిన్న చక్రాలకి మారదామా అని కూడా ఆలోచించాను. 2020 జూన్‌లో ప్రభుత్వం టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టినప్పటి నుంచి ఈ సైజులో మంచి టైరు దొరకడమే గగనమైంది. ఒకటి రోడ్డు మీద మెత్తగా పోతుంది, వానలో నమ్మలేం. ఇంకొకటి జిగురులా పట్టుకుంటుంది, పాతిక వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. అన్నీ చూసి, నిద్ర చెడగొట్టుకుని ఒకటి ఎంచుకుంటే, “నాలుగూ ఒకే బ్యాచ్ తెప్పిస్తాను సార్, నాదీ గ్యారంటీ” అని మీ సేల్స్ కుర్రాడు అడ్వాన్సు తీసుకున్నాడు. అతను ఇప్పుడు వేరే బ్రాంచికి మారిపోయాడట. ఏ బ్రాంచో చెప్పడం కుదరదట, ప్రైవసీ అట.

క్లెయిమ్స్ విభాగం అని ఇంకొకటి ఉంది మీకు. వాళ్ళు నాతో రెండు పేజీల ఫారం నింపించి, పదకొండు ఫోటోలు తీయించి, చివరికి “ఇది తయారీ లోపం కిందికి రాదు” అన్నారు. లోపం అని నేనెప్పుడన్నాను? “అయితే టైర్ల కంపెనీనే అడగండి” అన్నారు. అడిగాను. మేం ఇచ్చిన సరుకు మంచిదే, ఏ కారుకి ఏది వేశారన్నది డీలర్ చూసుకోవాలి అన్నారు వాళ్ళు. అందులో తప్పేముంది? గానుగెద్దులా తిరిగి మళ్ళీ మీ గుమ్మం దగ్గరికే వచ్చాను. ఈలోపు టికెట్ రెండోసారి, మూడోసారి మూసేశారు. మూడోసారి “కస్టమర్ సంతృప్తి చెందారు” అని కారణం కూడా రాశారు. నా సంతృప్తి నాకు తెలియకుండా మీ దగ్గర ఎలా నమోదైందో కొంచెం చెప్పండి.

మా నాన్న అంబాసిడర్‌కి టైర్లు కొన్నది మీ దగ్గరే. అప్పుడు మీకీ అద్దాల షోరూములు లేవు, రాణిగంజ్‌లో ఒక్క కొట్టు. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన కూర్చునేవారు. నేను స్టెప్నీ మీద కూర్చుని గోళీసోడా తాగేవాణ్ణి. ఒకసారి ట్యూబు పెట్టిన రెండో రోజే గాలి దిగిపోతే, నాన్న ఇంకా మాట పూర్తి చెయ్యకముందే ఆయన లోపలికి కేకేసి కొత్త ట్యూబు తెప్పించారు. బిల్లు కూడా అడగలేదు. తర్వాత మారుతి 800, తర్వాత నా మొదటి కారు, మా బావగారి ఇన్నోవా, అన్నీ మీ దగ్గరే. పక్క వీధిలో వెయ్యి తక్కువకి ఇస్తామన్నా వెళ్ళలేదు. మీ సిస్టమ్‌లో ఇదంతా ఉండదు, తెలుసు. మొన్న అమ్మాయి నన్ను “న్యూ కస్టమర్” అంది.

సరే, నాకేం కావాలి? వెనక రెండూ తీసి నేను డబ్బు కట్టిన మోడల్‌వే, ముందువాటికి దగ్గర తేదీ ఉన్నవి వేయాలి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ మీ ఖర్చు. అవి దొరక్కపోతే మొత్తం డబ్బు వెనక్కి. నిజం చెప్పాలంటే నెల కిందట ఇంతే చాలనుకున్నాను. ఇప్పుడు చాలదు. ఆ మూడు టికెట్లు ఎవరు మూశారో, ఏం చూసి మూశారో రాతపూర్వకంగా కావాలి. కింద ఒక మనిషి సంతకం ఉండాలి. “టీమ్ కస్టమర్ డిలైట్” అని కాదు.

జనవరి 3 వరకు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేయొచ్చు. మీ వాళ్ళ పుణ్యమా అని ఫారాలు నింపడం నాకు బాగా అలవాటైంది. మా కార్ల గ్రూపులో 200 మందికి పైగా ఉన్నారు, అందరికీ ఈ ఏడాదో వచ్చే ఏడాదో టైర్లు కావాలి. వాళ్ళకి నేనింకా ఏమీ చెప్పలేదు. రోజూ ఎవరో ఒకరు “టైర్లు ఎక్కడ వేయించావు బ్రో” అని అడుగుతూనే ఉన్నారు.

బిల్లు, నాలుగు టైర్ల తేదీల ఫోటోలు, మూడు మెసేజ్‌లు, ఆ ఒక్క రింగు కాల్ స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. ఫోన్ చేసేదుంటే సాయంత్రం ఏడు తర్వాత చేయండి, కనీసం నాలుగు రింగులు ఇవ్వండి.

ఇట్లు,
మీ న్యూ కస్టమర్

తా.క.: మీ షోరూమ్‌లో అలైన్‌మెంట్ చేసే కుర్రాడి మీద పడకండి. తయారీ నంబర్‌లో మొదటి రెండంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం అని నాకు ఆ శనివారం చెప్పింది అతనే. అప్పుడు ముందు చక్రం చూపించి చెప్పాడు. వెనకవి చూపిస్తుంటే ఎవరో లోపల నుంచి పిలిచారు.