మా జెన్ పాత ఇంజన్ ఎక్కడుంది?

విజయవాడ,
26 మే 2025

హైదరాబాద్‌లోని కార్ మాడిఫికేషన్ వర్క్‌షాప్
మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

విషయం: 1998 మోడల్ మారుతి జెన్ కారులో మారుతి ఎస్టీమ్ కారు 1.3 ఇంజన్ వేయడం – తీసేసిన పాత ఇంజన్ తిరిగి ఇవ్వకపోవడం – కొటేషన్‌లో రాసిన సామాను వేయకపోవడం – ఆర్‌సీ పని జరగకపోవడం – డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

ఏప్రిల్ 12న మీ దగ్గర బండి తీసుకున్నప్పటి నుంచి ఇప్పటికి పదకొండుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఎత్తారు. మూడుసార్లు "సార్, టెన్షన్ పడకండి, చూసి చెప్తాం" అన్నారు. నాలుగోసారి అన్న మాట వల్లే ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. ఆ మాట సంగతి కింద రాస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఇంజన్ మార్చాలన్న కోరిక నాదే, మీరు వచ్చి నా చెయ్యి పట్టుకుని అడగలేదు. 1998లో మా నాన్నగారు కొత్తగా కొన్న బండి అది. నలుగురం ఎక్కి, సామాను పెట్టుకుంటే తిరుమల ఘాట్ రోడ్డులో ఏసీ ఆపితే గాని కదిలేది కాదు. ఈ డబ్బుకి ఇంకొంచెం వేసుకుని వేరే సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అసలే లేదు.

జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ వేయడం మీరు కనిపెట్టిందేమీ కాదని నాకు తెలుసు. రెండూ సుజుకీ జీ సిరీస్‌లో అన్నదమ్ముల్లాంటివి. మా జెన్‌ది జీ10బీ, 993 సీసీ, కార్బురేటర్‌తో 50 హార్స్ పవర్. ఎస్టీమ్‌ది జీ13బీబీ, 1298 సీసీ, 16 వాల్వులు, కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కి విడిగా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ, 85 హార్స్ పవర్. ఎనిమిది వందల కిలోలు కూడా లేని బండికి 85 అంటే ఎవరికైనా నోరూరుతుంది. కాకపోతే ఇంజన్ ఒక్కటి మారిస్తే సరిపోదు. దాని వేడికి తగ్గ రేడియేటర్, దాని వేగానికి తగ్గ బ్రేకులు, గేర్‌బాక్సు, యాక్సిళ్లు, పెట్రోలు పంపు, వైరింగ్ అన్నీ మారాలి. ఈ మాట నాకు చెప్పింది మీ సూపర్‌వైజరే. ఆ నిజాయితీ చూసే మీ దగ్గరికి వచ్చాను.

జనవరి 20న మీరు ఇచ్చిన కొటేషన్ నా ముందే ఉంది. ఇంజన్, దాన్ని నడిపించే కంప్యూటర్ డబ్బా (ఈసీయూ), వైరింగ్ కలిపి 48,000 రూపాయలు. ఎస్టీమ్ గేర్‌బాక్సు, యాక్సిళ్లు 19,000. ఎస్టీమ్ ముందు బ్రేకులు 16,000. కొత్త డబుల్ కోర్ రేడియేటర్ 9,000. పెట్రోలు పంపు, లైన్లు 12,000. లేబర్ 28,000. చివర్న "ఆర్‌సీ ఎండార్స్‌మెంట్ మా బాధ్యత" అని, అంటే మారిన ఇంజన్‌ని ఆర్‌సీలో ఎక్కించే పని మీదేనని రాసి దానికి 10,000. మొత్తం 1,42,000. పైసా బాకీ లేకుండా కట్టాను. 35 రోజులన్న పని 82 రోజులు పట్టింది. దాని గురించి నేనేమీ అనడం లేదు. మెకానిక్ చెప్పిన తారీఖుకి బండి రాదన్నది బెజవాడలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 12, శనివారం. ఉదయం పదింటికి మీ గేటు దాటాం. పంతంగి టోల్ దాకా నిజంగా స్వర్గమే. ఆర్టీసీ బస్సును దాటేటప్పుడు మూడో గేరులో కాలు నొక్కితే సీటు నన్ను వెనక్కి లాగింది. ఇరవై ఏడేళ్లలో ఆ బండి అలాంటి పని ఎప్పుడూ చేయలేదు. నేను నవ్వుతుంటే మా ఆవిడ కూడా నవ్వింది. ఈ మాట కూడా రాయకపోతే నాది పక్షపాతం అవుతుంది.

కొర్లపహాడ్ టోల్ దగ్గర ముందున్న లారీ ఫాస్టాగ్ చదవక లైను ఆగిపోయింది. పది పన్నెండు నిమిషాలు. మీటర్లో వేడి ముల్లు సగం దాటి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. పాత చిట్కా గుర్తొచ్చి హీటర్ ఫుల్లుగా పెట్టాను. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, అద్దాలు దించి, హీటర్ వేసుకుని కూర్చున్న దంపతుల్ని పక్క కారులో పిల్లలు వింతగా చూశారు. లైను కదిలాక ముల్లు కాస్త దిగింది గాని, అప్పటికే జరగాల్సింది జరిగిపోయినట్టుంది. సూర్యాపేట దాటగానే బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి, కూలెంట్ తియ్యటి వాసన. బండి పక్కకు తీసి ఆపేశాను. అక్కడి నుంచి టో ట్రక్కు మీద విజయవాడకు 7,500. మీకు ఫోన్ చేస్తే "లోకల్‌గా ఎవరికీ చూపించకండి సార్, మళ్లీ మా దగ్గరికే తెండి" అన్నారు. ఎందుకన్నారో ఆటోనగర్‌లో బానెట్ ఎత్తాక అర్థమైంది.

మా మేస్త్రి గారు నలభై ఏళ్లుగా అదే షెడ్డులో పని చేస్తున్నారు. ఆయన ముందు రేడియేటర్ మీద కొత్త నల్ల రంగును స్క్రూడ్రైవర్‌తో గోకారు. 2016లో లీకైనప్పుడు తను స్వయంగా వేసిన టంకం మచ్చ బయటపడింది. అంటే డబుల్ కోర్ కాదు, కొత్తదీ కాదు, మా పాత రేడియేటరే రంగు పూసుకుని 9,000 రూపాయలైంది. రేడియేటర్ ఫ్యాన్ స్విచ్చుకి వెళ్లాల్సిన వైరు టేపు చుట్టి ఒక పక్కన వేలాడుతోంది. బండి పరిగెత్తినంతసేపు గాలి ఆడి నెట్టుకొచ్చింది. టోల్ దగ్గర ఆగగానే తిరగాల్సిన ఫ్యాన్ తిరగలేదు.

గేర్‌బాక్సు మా జెన్‌దే, యాక్సిళ్లూ అవే. ముందు డిస్కులు, కాలిపర్లు కూడా మావే, ప్యాడ్లు మాత్రం కొత్తవి. అంటే 50 హార్స్ పవర్ బండిని ఆపడానికి చేసిన బ్రేకుల మీద 85 హార్స్ పవర్‌తో నన్నూ మా ఆవిడనూ హైవే మీదికి పంపారు. ఈసీయూని బ్రాకెట్‌లో బిగించకుండా చీరల కొట్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి డాష్‌బోర్డు కింద తాడుతో కట్టారు. మేస్త్రి గారు నవ్వింది ఆ ఒక్కచోటే.

పెట్రోలు లైను చూసి మాత్రం ఆయన మొహం మారిపోయింది. కార్బురేటర్ బండికి పెట్రోలు మెల్లగా వస్తుంది, మామూలు రబ్బరు పైపు చాలు. ఎంపీఎఫ్‌ఐకి పంపు రెండున్నర, మూడు కిలోల ప్రెషర్‌తో తోస్తుంది, దానికి వేరే హోస్ ఉంటుంది. మీరు పాత పైపునే కొత్త పంపుకి తగిలించి క్లిప్పు బిగించారు. ఆ జాయింటు తడిగా ఉంది. దానికి జానెడు దూరంలో సెగలు కక్కే ఎగ్జాస్ట్ పైపు ఉంది. "అమ్మవారి దయ వల్ల ముందు వేడెక్కి ఆగిపోయింది" అన్నారు మేస్త్రి గారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్టు కొడితే 1, 2, 4 సిలిండర్లు 170కి అటూ ఇటూ చూపించాయి, 3వది 95 దగ్గర ఆగిపోయింది. వేడెక్కి గ్యాస్కెట్ పోయింది కాబట్టి అలా చూపించిందని మీరు అంటారు. మేస్త్రి గారూ ముందు అదే అన్నారు. హెడ్ ఇప్పి చూస్తే ఆ సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, గీతల్లో తుప్పు ఉన్నాయి. తుప్పు ఒక్క పూటలో పట్టదు. ఎస్టీమ్ తయారీ ఆగి పదిహేనేళ్లు దాటింది కాబట్టి పాత ఇంజనే వస్తుందని నాకూ తెలుసు. "కంప్రెషన్ చెక్ చేసి వేశాం" అని జాబ్ కార్డులో రాసినవారు ఆ కొలతలు నాకు ఎందుకు చూపించలేదు?

ఇదంతా డబ్బుతో తేలే వ్యవహారం. డబ్బుతో తేలనిది మా పాత ఇంజన్.

తీసేసిన ఇంజన్ నాకు కావాలని జనవరి 20న నేనే జాబ్ కార్డు మీద రాయించాను. "పాత ఇంజన్, కార్బురేటర్ కస్టమర్‌కి రిటర్న్" అని మీ వాళ్ల చేతిరాతే ఉంది. డెలివరీ రోజున అడిగితే "గోడౌన్‌లో ఉంది సార్, ట్రాన్స్‌పోర్టులో వేస్తాం" అన్నారు. తర్వాత "స్క్రాప్‌లో కలిసిపోయి ఉంటుందండి, మా బాయ్స్ షెడ్డు క్లీన్ చేశారు" అన్నారు. నాలుగోసారి మాత్రం ఇలా అన్నారు: "ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరే కదా సార్ మీ టెన్షన్! ఎస్టీమ్ బ్లాక్ మీద నంబర్ అరగదీసి మీ పాత నంబర్ కొట్టిస్తాం. మనవాడు ఉన్నాడు, ఎవరూ కనిపెట్టలేరు."

అయ్యా, దొంగబండ్లకి చేసే పని అది. ఆర్‌సీ కోసం నా దగ్గర తీసుకున్న పదివేలు ఈ పనికా?

బండి ఇప్పటికీ మా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయనకి 76 ఏళ్లు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది తెచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కేసంటూ పడితే మీ మీదా నా మీదా కాదు, ఆయన మీద పడుతుంది. రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి అడిగాను. పాడైన ఇంజన్ బదులు అదే రకం ఇంజన్ వేయాలన్నా ముందే అనుమతి తీసుకోవాలని, 993 సీసీ బండిలో 1298 సీసీ అంటే ఫైలే కదలదని చెప్పారు. ఇన్సూరెన్స్ కూడా 993 సీసీ మీదే ఉంది. వెయ్యి సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094, దాటితే 3,416. రోడ్డు మీద ఎవరికైనా ఏదైనా అయితే ఆ కంపెనీ మాతో ఏం మాట్లాడుతుందో ఊహించుకోలేను.

ఇవన్నీ నేను ముందే తెలుసుకోవాల్సింది. నేను లెక్కల మాస్టారుని, చట్టం చదవలేదు. రోజూ ఇదే వ్యాపారం చేసే మీకు తెలియదంటే మాత్రం నమ్మను.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పాత ఇంజన్ మళ్లీ ఎక్కించి, ఆర్‌సీలో ఏముందో బండిలో అదే ఉండేలా చేసుకోవడం. ఆ బ్లాకే లేకపోతే అదీ కుదరదు. పైగా మా నాన్నగారి చేత సంతకం పెట్టించుకున్న రెండు ఖాళీ ఫారాలు మీ దగ్గరే ఉన్నాయి. మా ఇంజన్ రేపు ఏ బండిలో తేలుతుందో, ఆ ఫారాలు ఎవరి చేతిలో పడతాయో మాకు తెలియదు. నాన్నగారు రోజూ సాయంత్రం వాకిట్లో ఖాళీగా ఉన్న బండి చోటు చూసి "ఇంజన్ వచ్చిందట్రా?" అని అడుగుతున్నారు. ట్రాన్స్‌పోర్టులో ఉందని చెబుతున్నాను. మీరు నాకు చెప్పిన అబద్ధమే ఆయనకి చెబుతున్నాను.

కాబట్టి నేను కోరేది ఇది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మా జీ10బీ ఇంజన్, కార్బురేటర్, మౌంటింగులతో సహా మీ ఖర్చుతో విజయవాడ ఆటోనగర్‌కి పంపాలి. సంతకాలున్న రెండు ఫారాలూ తిరిగి ఇవ్వాలి. మీరు తీసుకున్న 1,42,000, టో ట్రక్కుకి 7,500, ఇంజన్ విప్పి చూసినందుకు మేస్త్రి గారికి ఇచ్చిన 3,000, కలిపి 1,52,500 వాపసు ఇవ్వాలి. మీ ఎస్టీమ్ ఇంజన్, ఈసీయూ, పంపు షెడ్డులోనే ఒక పక్కన భద్రంగా ఉన్నాయి, మనిషిని పంపి తీసుకెళ్లండి. అది ఏ బండిలోంచి తీశారో ఆ కాగితం కూడా నాకు కావాలి, ఎందుకంటే 82 రోజుల తర్వాత ఒక పూట దాన్ని నడిపింది నేను. పాత ఇంజన్ తిరిగి ఎక్కించే ఖర్చు నేనే పెట్టుకుంటాను, అది నా సరదాకి జరిమానా అనుకుంటాను.

నిజంగానే స్క్రాప్‌కి అమ్మేస్తే ఎవరికి, ఏ రోజు, ఎంతకి అమ్మారో రాసి, సంతకం పెట్టి, బిల్లు జతచేసి పంపండి. దాన్ని పట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చుకుంటాను. అప్పుడు అదే రకం ఇంజన్ సరైన కాగితాలతో కొని, రవాణా శాఖ అనుమతితో వేయించే ఖర్చు మీదే అవుతుంది.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. బెదిరింపు కాదు. వేసవి సెలవులు, నాకు తీరిక ఉంది.

ఇట్లు,
జాబ్ కార్డు మీద ఉన్న పేరు గల మీ కస్టమర్

జతపరచినవి: కొటేషన్, జాబ్ కార్డు రెండు పక్కలా జిరాక్సు, చెల్లింపు రసీదులు, టో ట్రక్కు బిల్లు, షెడ్డులో తీసిన 23 ఫొటోలు.

తా.క.: గోడౌన్‌లో వెతికేవాళ్లకి గుర్తు చెబుతున్నాను. నంబరు ఆర్‌సీ జిరాక్సులో ఉంది. ప్రతి ఆయుధ పూజకీ నాన్నగారు బానెట్ ఎత్తి వాల్వ్ కవర్ మీద ఎడమ మూల బొట్టు పెట్టేవారు. ఇంజన్ వేడికి అది మాడి అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రటి మరక మిగిలిపోయింది, తుడిచినా పోదు. పంపేటప్పుడు ప్లగ్గులు బిగించి, కార్బురేటర్ మూతికి గుడ్డ కట్టి పంపండి. వానలు మొదలవబోతున్నాయి.