నాన్నగారికి, బుర్జ్ ఖలీఫా విషయమై

దుబాయి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. పిల్లవాడికి జ్వరం తగ్గి మళ్ళీ బడికి వెళుతున్నాడు. మొన్న ఫోనులో బుర్జ్ ఖలీఫా మాట ఎత్తగానే మీరు "మేడ చూడడానికి మేడ ఎక్కాలా, కింద నుంచి కనపడదా? డబ్బు దండగ" అని ఫోను అమ్మ చేతికి ఇచ్చేశారు. అమ్మేమో అంత ఎత్తు తన వల్ల కాదని, కళ్ళు తిరుగుతాయని అంది. ఇద్దరికీ ఒకేసారి ఫోనులో నచ్చజెప్పడం నాకు చేతకాదు కనుక తీరుబడిగా ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించండి.

మీరన్నది సగం నిజమే. గాలి తేటగా ఉన్న రోజున ఆ మేడ మా బాల్కనీ నుంచి కూడా, దూరాన దబ్బనం గుచ్చినట్టు, కనిపిస్తుంది. 2014లో ఈ ఊరు వచ్చిన నాటి నుంచి రోజూ చూస్తున్నదే. అయినా పైకి వెళ్ళింది ఒక్కసారే, నిరుడు జూలైలో మావయ్య వచ్చినప్పుడు. ఆ ఒక్కసారీ వృథా అయింది. అందరూ సూర్యాస్తమయానికే వెళతారని విని, ఆ గంటలకు ధర ఎక్కువైనా సరేననుకుని వారం ముందే టిక్కెట్లు కొన్నాను. తీరా ఆ రోజు పొద్దుటి నుంచి దుమ్ము. పైకి వెళ్ళి చూస్తే నాలుగు దిక్కులా గోధుమపిండి జల్లించినట్టుంది. మావయ్య అద్దానికి ముక్కు ఆనించి "సముద్రం ఏదిరా?" అని అడిగితే, దిక్కు చూపించగలిగాను గాని సముద్రాన్ని చూపించలేకపోయాను. పోనీ కాసేపు ఆగుదామంటే ఫోటోలు తీసుకునే వాళ్ళ మోచేతుల మధ్య నిలబడడానికే చోటు లేదు. ఆలోచించకుండా వేసవిలో పెట్టుకున్న తప్పు నాదే. ఈసారి అలా జరగకూడదనే ఇంత ముందుగా మొదలుపెట్టాను.

సంక్రాంతి వెళ్ళాక వచ్చి, అంతర్వేది తీర్థానికల్లా తిరిగి ఇంట్లో ఉండాలని మీరు అన్నారు కదా, ఆ రోజులు ఇక్కడికి చక్కగా సరిపోతాయి. జనవరిలో ఎండ మన కార్తీక మాసం ఎండలా ఉంటుంది. దుమ్ము తక్కువ. కొన్ని రోజులు పొద్దున్నే మంచు కమ్ముతుంది కనుక ఉదయం వద్దు. సాయంత్రం ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే. అందుకని బుధవారం నాడు నేను సెలవు పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు 124వ అంతస్తుకు టిక్కెట్లు తీసుకుంటాను. ఇక్కడ శని, ఆదివారాలు సెలవులు. ఆ రెండు రోజుల్లో అటు వెళ్ళడం తిరునాళ్ళలో దూరడమే.

ఇంకొంత పైన 148వ అంతస్తులో, 555 మీటర్ల ఎత్తున, ఊరు చూసే చోటు మరొకటి ఉంది. దాని ధర దాదాపు రెండింతలు. అక్కడ కూర్చోబెట్టి మర్యాదలు చేస్తారట. నా మట్టుకు నాకు ఆ అదనపు నూరు మీటర్లకు అంత డబ్బు పెట్టడం దండగే అనిపిస్తుంది. మనకు 124వ అంతస్తు చాలు. నేల నుంచి 452 మీటర్లు. అక్కడ ఆరుబయట వసారా కూడా ఉంది, నిలువెత్తు అద్దాల సందుల్లోంచి గాలి తగులుతుంది.

అమ్మ భయానికి నా సమాధానం ఇది. మెట్లు ఎక్కేది లేదు. లిఫ్టు సెకనుకు పది మీటర్ల వేగంతో పోతుంది, నిమిషంలో పైన ఉంటాం. కదులుతున్నట్టే తెలియదు, చెవులు మాత్రం దిబ్బడ వేస్తాయి. నోట్లో ఏలక్కాయ వేసుకుని గుటకలు మింగుతూ ఉంటే సర్దుకుంటాయి. పైకి వెళ్ళాక అద్దం దగ్గరకు రానక్కరలేదు. లోపలి గోడ వారనే నిలబడినా దూరాన సముద్రం కనిపిస్తుంది. ఒకవైపు సముద్రం, అందులో ఇసుక పోసి కట్టిన దీవులు, రెండో వైపు ఊరు అయిపోయిన చోట నుంచి ఎడారి, మధ్యలో షేక్ జాయెద్ రోడ్డు.

ఇక మీ సంగతి. ఊరు చూడడానికి మీరు వస్తారని నేను అనుకోవడం లేదు, కట్టుబడి చూడడానికి రమ్మంటున్నాను. ఎవరి కొత్త ఇంటికి వెళ్ళినా మీరు గుమ్మం ముందే ఆగి, ఒక కన్ను మూసి, గోడ మూల వెంట చూపును నేల నుంచి పైకి పోనిచ్చి, ఆ తరవాతే చెప్పులు విడిచేవారు. మేస్త్రీ మీరు కాకపోయినా సరే. ఇంటాయన బయటికి వచ్చి "లోపలికి రండి" అంటున్నా మీ చూపు ఇంకా లింటెలు దగ్గరే ఉండేది. బుర్జ్ ఖలీఫా అడుగున నిలబడి మీరు అలా కన్ను మూసినప్పుడు ఏమంటారో వినాలని నాకు చాలా కాలంగా కోరిక. అక్కడ మీ చూపు కొంత పైకి పోయి ఆగిపోతుంది. మూడు రెక్కలు నడిమి భాగానికి మూడు వైపుల నుంచి ఊతంగా నిలబడి ఉంటాయి; పైకి పోయే కొద్దీ ఒక్కో రెక్కా ఒక్కో ఎత్తులో, చుట్టు తిరుగుతున్నట్టుగా వెనక్కి తగ్గుతుంది. కింది నుంచి కొస దాకా ఒకే ఆకారం ఉంటే గాలి దాని మీద పట్టు సాధించి ఊపేస్తుందని, ఎక్కడికక్కడ ఆకారం మార్చి గాలికి ఆ పట్టు దొరకకుండా చేశారు.

పునాది సంగతి మీరు తప్పకుండా అడుగుతారు. కింద 192 పైళ్ళు, అంటే భూమిలోకి దించిన కాంక్రీటు స్తంభాలు, ఉన్నాయి, ఒక్కొక్కటి మీటరున్నర వ్యాసం, సుమారు 50 మీటర్ల లోతు. వాటి మీద 3.7 మీటర్ల మందాన రాఫ్టు, అంటే అడుగంతా పరుచుకున్న కాంక్రీటు పలక, పోశారు. ఇక్కడ భూమిలో ఊరే నీరు సముద్రపు నీటి కంటే ఉప్పన. మొగల్తూరు పనిలో ఉప్పు ఇసుక వచ్చిందని మీరు ట్రాక్టరును వెనక్కి పంపేసి, ఇంటి ఆసామి చేత మాట పడ్డారు, గుర్తుందా? వీళ్ళదీ అదే భయం. అందుకే చువ్వలకు తుప్పు పట్టకుండా కాంక్రీటును బాగా దట్టంగా పోయడమే కాక, సన్నపాటి కరెంటు పంపే ఏర్పాటు కూడా చేశారు. ఆ ఆసామి ఇప్పుడు ఎక్కడున్నాడో గాని, ఈ ముక్క అతని చెవిన పడాలి.

మీరు కట్టిన స్లాబులకు మాలు గమేళాల్లో చేతులు మారుతూ పైకి వెళ్ళేది. ఇక్కడ కాంక్రీటును పంపుతో సుమారు 600 మీటర్ల ఎత్తుకు ఎక్కించారు. వేసవిలో పగలు పోస్తే దారిలోనే బిగిసిపోతుందని రాత్రిళ్ళు పోసేవారు, నీళ్ళలో కొంత భాగానికి బదులు ఐసు కలిపేవారు. 156వ అంతస్తు వరకు కాంక్రీటే, ఆపైన ఉక్కు. పని 2004 జనవరిలో మొదలై, 2010 జనవరి 4న ప్రారంభోత్సవం జరిగింది. జోరుగా సాగిన రోజుల్లో ఒక్క రోజున 12,000 మంది పనిచేశారు, వాళ్ళలో ఎక్కువమంది మన దేశం, చుట్టుపక్కల దేశాల వాళ్ళు. 2006 మార్చిలో కూలి గిట్టక పని ఆపి గొడవ కూడా చేశారు. ఫోటోలు తీసుకునే జనానికి ఇవేవీ పట్టవు. మీకు పడతాయి.

వెళ్ళే దారి చెబుతాను. ఇంటి దగ్గర మెట్రో ఎక్కి, ఒకచోట దిగి ఎర్ర లైను బండికి మారాలి. మెట్రోకు డ్రైవరు ఉండడు, అమ్మకు ముందే చెప్పి ఉంచండి. స్టేషను నుంచి దుబాయి మాల్ దాకా చాలా దూరం మూసిన వంతెన మీదుగా నడవాలి గాని, నేలే కదిలే పట్టీలు ఉన్నాయి కనుక మీ మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకోండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చుకోండి. పైకి వెళ్ళే లిఫ్టులకు దారి మాల్ అడుగు అంతస్తు నుంచే ఉంది.

నాలుగింటికి కిందికి దిగేద్దాం. సూర్యాస్తమయాన్ని పైనుంచి కాకుండా, మేడ ముందున్న చెరువు గట్టు మీద కూర్చుని చూడాలన్నది నా ఆలోచన. నేల మీద పొద్దు గుంకి, మన మొహాల మీద వెలుగు పోయాక కూడా కొసన కాసేపు ఎండ ఉంటుంది. ఇది నా కల్పన కాదు. పై అంతస్తుల్లో సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు కనుక, రంజాన్ ఉపవాసం విడవడానికి 80వ అంతస్తు పైవాళ్ళు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైవాళ్ళు మూడు నిమిషాలు ఆగాలని 2011లో ఇక్కడి మత పెద్దలు చెప్పారు. అమ్మ పులిహోర కలిపి డబ్బాలో పెడితే గట్టు మీద తినవచ్చునని కోడలు అంటోంది. అక్కడ తిననిస్తారో లేదో ముందు నేను కనుక్కుంటాను.

టిక్కెట్టు మీద తేదీ, గంట అచ్చుపడి ఉంటాయి. కనుక ఇప్పుడు సరేనని, ఆ రోజు పొద్దున మోకాళ్ళ వంక చెప్పకూడదు. నరసాపురం నుంచి హైదరాబాదుకు ఏ రోజు రైలు దొరికిందో తమ్ముడి చేత రాయించండి. అది తెలిసిన రోజే మిగతావన్నీ కొనేస్తాను.

ఇట్లు,
మీ కుమారుడు