అమ్మలూ, బోటు టికెట్ల సంగతి

అమ్మలూ,

ఎలా ఉన్నారమ్మా అందరూ. పండుగాడికి దగ్గు తగ్గిందా, రాత్రుళ్ళు ఏసీ ఆపేసి పడుకోబెట్టమని మీ అమ్మ పదిసార్లు చెప్పమంది. ఫోన్ చేస్తుంటే మీటింగ్‌లో ఉన్నా నాన్నా తర్వాత చేస్తా అంటున్నావు, ఆ తర్వాత రావట్లేదు, పనులుంటాయిలే నాకు తెలుసు, అందుకే ఇలా వాట్సాప్‌లో కూర్చుని టైప్ చేస్తున్నా, ఏ రాత్రో తీరిగ్గా చదువుకుంటావని. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మాగాయ ముక్కలు ఎండబెడదామంటే ఎండే కాయట్లేదు, మీ అమ్మ రోజూ పళ్ళెం మేడ మీదకీ కిందకీ మోస్తోంది, వద్దన్నా వినదు, ఆ మోకాలుతో. గోదారికి ఎర్రనీళ్ళొచ్చేశాయి. పులస ఇంకా సరిగ్గా పడట్లేదంట.

మొన్న కాకినాడ చిన్నత్త వచ్చి రెండ్రోజులుండి వెళ్ళింది. మాటల్లో మాటగా అమ్మలు వాళ్ళు ఆగస్టు పదిహేనుకి సెలవలు కలిసొచ్చాయని పాపికొండలు వెళ్తున్నారంట కదా అన్నయ్యా, భద్రాచలం వైపు నుంచి మాట్లాడుకున్నారంట, అడ్వాన్స్ కూడా కట్టేశారంట అంది. నాకేం తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు కదా. మీ అమ్మ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరే అది నిజమో కాదో, చిన్నత్త సంగతి నీకు తెలిసిందే, వింటే ఒకటి చెప్తే రెండు. కానీ నిజమే అయితే మాత్రం ఆగస్టులో వద్దమ్మా. నేను ధవళేశ్వరంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ నీటిమట్టం స్కేలు చూస్తూ బతికినవాణ్ణి, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆగస్టంటే గోదారి ఎప్పుడెలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. 86లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చింది ఆగస్టులోనే. ఇక్కడ చినుకు పడకపోయినా పైన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో పడితే ప్రాణహిత, అటు ఇంద్రావతి, ఇటు శబరి అన్నీ కలిసి వచ్చేస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో రాజమండ్రి వెదర్ చూసి ఎండ బొమ్మ కనపడింది కదా అనుకుంటే కుదరదు.

ఆ ప్యాకేజీ అతను బోట్లు తిరుగుతున్నాయండి ఏం పర్లేదు అన్నాడంట, చిన్నత్తే చెప్పింది. అతను అలాగే అంటాడు. వరద కాలంలో బోట్లు ఆపేస్తారు, మళ్ళీ నీళ్ళు తగ్గి అధికారులు చూసి సరే అంటేనే వదిలేది, అది మామూలుగా నవంబర్ దాకా సాగుతుంది. మరి ఆగస్టుకి అడ్వాన్స్ ఎలా తీసుకున్నాడు? అసలు అతనికి బోటుందా, లేక ఎవరిదో బోటు చూపించి మధ్యలో కమిషన్ తీసుకునే మనిషా? ముందు అదడుగు. బోటు పేరేంటి, ఏ రేవు నుంచి బయల్దేరుతుంది, ఎంతమందికి పర్మిషన్, వరదొచ్చి ఆపేస్తే డబ్బులు వెనక్కిస్తారా లేక ఇంకో తారీఖుకి మార్చుకోమంటారా, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకో, నోటి మాట వద్దు. నీ డబ్బులు నీ ఇష్టం, నేను అడగట్లేదు ఎంత కట్టావని.

2019 నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు పండుగాడు ఇంకా కడుపులో ఉన్నాడు. సెప్టెంబర్ 15 ఆదివారం. కచ్చులూరు మందం అనే చోట బోటు తిరగబడితే 77 మంది ఎక్కినదాంట్లో ఒడ్డెక్కింది 26 మంది, వాళ్ళనీ తూటుగుంట ఊరోళ్ళు పడవలేసుకొచ్చి పట్టుకోబట్టే. అందులో హైదరాబాద్ వాళ్ళున్నారు, వరంగల్ దగ్గర కడిపికొండ వాళ్ళు ఒక్క ఊరి నుంచే అంతమంది వచ్చారు. ధర్మాడి సత్యం గారి మనుషులు కాకినాడ నుంచొచ్చి అక్టోబర్ 22కి గానీ బోటు పైకి తియ్యలేకపోయారు. ఇదంతా టీవీలో అందరూ చూశారు. నేను చెప్పేది వేరే. ఆ రోజు గోదారిలో ఉన్నది దాదాపు ఐదు లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 11.75 అడుగులకి, అంటే పది లక్షల క్యూసెక్కులకి. చూశావా, హెచ్చరికలో సగం నీళ్ళకే అంత ఘోరం జరిగింది. హెచ్చరిక లేదు కాబట్టి వెళ్ళొచ్చు అని ఎవరైనా అంటే నమ్మకు. బ్యారేజీ దగ్గర గోదారి సముద్రంలా పరుచుకుని ఉంటుంది, అక్కడి లెక్క వేరు, కొండల మధ్య ఇరుకులో అదే నీళ్ళు తోసుకుంటూ సుడులు తిరిగే లెక్క వేరు.

మీ తాతయ్య కూనవరం సంగతి నీకెప్పుడైనా చెప్పానో లేదో. మా పెళ్ళైన ఏడు ఆషాఢానికి మీ అమ్మని పుట్టింటికి తీసుకెళ్ళడానికి తాతయ్య వచ్చారు, నేను కూడా దింపి వద్దామని బయల్దేరాను. అప్పుడు లాంచీలే కదా దిక్కు, పొద్దున్నే రాజమండ్రిలో ఎక్కితే పట్టిసీమ, దేవీపట్నం, అలా రేవురేవునా ఆగుతూ కోళ్ళూ మేకలూ బియ్యం బస్తాలూ ఎక్కించుకుంటూ దించుకుంటూ వెళ్ళేది. మీ అమ్మ కొత్త చీర కట్టుకుని కింద కూర్చుంటే ఆ ఇంజను పొగకి తల తిరిగి పైకి తెచ్చాం. ఆ లాంచీ నడిపే సరంగు సన్నగా ముసలాయన, మాట్లాడ్డు, చుట్ట నోట్లోంచి తియ్యడు. కొరుటూరు దాకా బాగానే వెళ్ళాం. అక్కడ రేవులో జనం దిగారు, ఎక్కారు, ఇంక గంట కొడతాడనుకుంటే కొట్టడు. ముందుకెళ్ళి నీళ్ళ వంక చూస్తూ నుంచున్నాడు. చూసి చూసి కళాసీని పిలిచి తాడు ఇంకో చెట్టుకి కూడా కట్టమన్నాడు. ఏంటంటే నీళ్ళు మారాయి అన్నాడు. మాకైతే ఏమీ తెలీలేదు, కాస్త ఎరుపు ఎక్కువైంది, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నాయి, అంతే. మీ తాతయ్య ఊరుకుంటారా, నేను ఈ గోదారి ఒడ్డున పుట్టినవాణ్ణి, ఇంట్లో ఆడాళ్ళు ఎదురుచూస్తుంటారు, చీకటి పడకుండా ఇరుకు దాటేద్దాం పోనివ్వు అని కేకలు. వెనక నుంచి ఇంకో పదిమంది కూడా అరిచారు, ఒకాయనైతే మీ ఓనర్‌కి చెప్తానన్నాడు. సరంగు అన్నీ విన్నాడు, విని, చెప్పుకోండి బాబూ, శబరి పొంగింది, నేను తియ్యను అని వెళ్ళి పడుకున్నాడు. ఇంక ఏం చేస్తాం, అందరం ఒడ్డెక్కాం. ఊళ్ళో కొండరెడ్లు ఒక పాక ఖాళీ చేసి ఆడాళ్ళకి ఇచ్చారు, ఎవరి బస్తాలోంచో బియ్యం తీసి కుండలో వండారు, చింతపండు చారు, ఆ చారు రుచి మీ అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అర్ధరాత్రి చప్పుడైతే లేచి టార్చి వేసి చూశాం. మానులకి మానులు వేళ్ళతో సహా వస్తున్నాయి. వెదురు మోపులు, ఎవరిదో పాక కప్పు. మేం సాయంత్రం దిగిన చోటు నీళ్ళలో ఉంది, లాంచీ రెండో తాడు మీద నిలబడింది. తాతయ్య చాలాసేపు చూసి వెళ్ళి సరంగు పక్కన కూర్చుని ఆయన చుట్ట ఆయనకిచ్చారు. మర్నాడూ కదల్లేదు. మేం కూనవరం చేరేసరికి మీ అమ్మమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

అలా వద్దని ఆపేవాడి బోటు ఎక్కాలమ్మా. డబ్బులు కట్టించుకున్నాక కూడా ఇవాళ వెళ్ళం అనేవాడిది. అది చూసే బుక్ చేసుకోవాలి, ఏసీ ఉందా, బిర్యానీ పెడతాడా అన్నవి తర్వాత.

వెళ్ళొద్దని నేను ఎప్పుడూ అనను. అల్లుడుగారు ఎప్పట్నుంచో అంటున్నారు, మీ అత్తగారు మావగారు కూడా చూళ్ళేదు, చూడాల్సిందే. వాళ్ళకి నచ్చుతుంది. డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. కార్తీకమాసం ఆదివారాలు, సంక్రాంతి సెలవలు వద్దు, ఇసకేస్తే రాలనంత జనం, తిండి దగ్గర కూడా తోపులాటే. మధ్యలో మంగళ బుధవారాలైతే నిమ్మళంగా ఉంటుంది, ఒక్కరోజు సెలవు పెట్టలేరా ఏంటి. అప్పుడు కూడా బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే ఆపేస్తారు, కాబట్టి వెళ్ళాల్సిన రోజుకి అటూ ఇటూ ఒక రోజు చేతిలో పెట్టుకో. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు కదా, అవి ముందు తీసేసుకో, బోటుది వారం పది రోజుల ముందు చాలు. టూరిజం వాళ్ళ దాంట్లో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, లేదంటే ఇక్కడ నేను మనిషిని చూసి మాట్లాడతాను. ఆధార్‌లు అందరివీ పెట్టుకోండి, 2019 తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకుంటారు. రాసుకోకుండా ఎక్కించేస్తుంటే దిగిపో, మొహమాటం వద్దు. లైఫ్ జాకెట్ పండుగాడి సైజుది ఉందో లేదో ముందే కనుక్కో, పెద్దవాళ్ళది వేస్తే పిల్లాడు కిందనుంచి జారిపోతాడు. ఫొటో తీసుకున్నాక విప్పెయ్యడం కాదు, దిగేదాకా ఉండాలి, నీకే చెప్తున్నా, జడ చెదిరిపోతుందని నువ్వు చేసేదే అది. పేరంటాలపల్లి దగ్గర గుడికి ఎత్తు ఎక్కాలి, మీ అత్తగారికి మోకాళ్ళు కదా, చేతికర్ర తెమ్మను. పొద్దున్నే మంచుంటుంది, పిల్లాడికి చెవులు కప్పు.

ఇంక ఎటువైపు నుంచి అన్నది. భద్రాచలం నుంచైతే పోచవరం దాకా రోడ్డు మీద వెళ్ళి అక్కడ ఎక్కాలి, రాముణ్ణి చూసుకోవచ్చు, మీకు హైదరాబాద్ నుంచి కార్లో అదే దగ్గర, నేను కాదనను. ఇటు నుంచైతే గండి పోచమ్మ దగ్గర ఎక్కితే కొండలు కొంచెం కొంచెంగా దగ్గరకొస్తూ కనపడతాయి, ఆ అందం వేరు. పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా కట్ట వేశాక దేవీపట్నం అదీ నీళ్ళలో కలిసిపోయింది, మన చిన్నప్పటి రేవులేవీ లేవు, అవి ఎక్కడెక్కడుండేవో నేను పక్కనుంటే చూపిస్తాను కదా అని. గౌతమి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటారు. కానీ నీ ఇష్టం.

పెద్దోడు అన్న మాట నువ్వు మనసులో పెట్టుకున్నావని నాకు తెలుసు. ఆలమూరు పొలం సంగతి నేనూ మీ అమ్మా ఉండగా ఎవరూ తేల్చక్కర్లేదు, వాడితో నేను మాట్లాడాను, వాడు మాట్లాడ్డం వేరే సంగతి. దానికీ నువ్వు ఇంటికి రావడానికీ ఏం సంబంధం. నీ గది అలాగే ఉంది, ఫ్యాన్ చప్పుడొస్తుందన్నావు కదా, మార్పించాను. మావగారు వాళ్ళకి కింద గది, కొత్త గీజర్ పెట్టించాం, వేడినీళ్ళకి ఇబ్బంది లేదు.

ఆ అడ్వాన్స్ తీసుకున్నతను వెనక్కివ్వనంటే నంబర్ నాకు పెట్టు, నేను మాట్లాడతాను, గొడవేం పడను. డిసెంబర్‌లోవి రెండు తారీఖులు చూసి చెప్పు, మంగళవారం కలిసేటట్టు. అల్లుడుగారికి సెలవు దొరుకుతుందో లేదో ఇవాళే అడుగు, మర్చిపోకు. మాగాయ ఎండితే వెంకటేష్ బస్సులో పంపిస్తాను, ఎన్ని సీసాలు కావాలో మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు, నాకు కాదు, తనకి చెయ్యి.

నాన్న