ప్రసంగం పక్కనే కథ: మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను. సమావేశాలు ఎప్పటిలాగే నెలకొక శనివారం సాయంత్రం, విశాఖపట్నం పాతపోస్టాఫీసు దగ్గర మనకు హాలు ఇస్తున్న చర్చిలోనే జరిగాయి. మే నెలలో ఎండలకు భయపడి ఒకటి మానుకున్నాం. గాజువాక, మద్దిలపాలెం వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే పెద్దవాళ్లు కూడా మిగతావి తప్పలేదు. వాళ్లకు ముందుగా నా కృతజ్ఞతలు.

ఈ ఏడాది పనికంతటికీ మూలం పోయినసారి ఇదే సమావేశంలో ఒక సిస్టర్ అడిగిన ప్రశ్న. "మన బీరువాలో ప్రసంగాలు పై అరలో, కథలు కింది అరలో ఎందుకు పెట్టారు? రాసింది ఒకరే కదా?" అన్నారామె. అప్పుడు ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ప్రసంగాలు పాస్టరు గార్లు తీసుకెళ్తారు, కథలు సండే స్కూలు పిల్లలు తీసుకెళ్తారు, అందుకే అలా సర్దాం అనుకున్నాం. ఆ సర్దుబాటు తప్పని ఈ ఏడాది చదువు మాకు చూపించింది.

ప్రసంగాలూ కథలూ రెండూ రాసిన జార్జ్ మెక్‌డొనాల్డ్‌ను ఇందుకు ఎంచుకున్నాం. ఆయన పుట్టి 2024 డిసెంబరు 10కి 200 ఏళ్లు నిండాయి. స్కాట్లండ్‌లోని హంట్లీ ఊరివాడు. దక్షిణ ఇంగ్లండులో అరండెల్ అనే చోట పాస్టరుగా ఉండగా ఆయన బోధ సంఘపెద్దలకు నచ్చలేదు. జీతం తగ్గించారు. 1853లో ఆయనే ఆ పని వదిలేశాడు. పోనుపోను 11 మంది పిల్లల తండ్రి, ఒంట్లో ఎప్పుడూ క్షయ జబ్బు, చేతిలో ప్రసంగ వేదిక లేదు. ఇక కలమే ఆధారం. నవలలు రాశాడు, పిల్లల కథలు రాశాడు. ఎవరి ముందూ నిలబడి చెప్పని ప్రసంగాలను కూడా రాసి అచ్చు వేయించాడు. వాటికి 'అన్‌స్పోకెన్ సెర్మన్స్' అనే పేరు పెట్టాడు. 1867లో, 1885లో, 1889లో మూడు సంపుటాలుగా వచ్చాయి, సంపుటానికి 12 చొప్పున మొత్తం 36. మనం 'పలకని ప్రసంగాలు' అని పిలుచుకుంటున్నాం.

జూన్ నుంచి మేము చేసింది ఒక్కటే. ఒక నెల ప్రసంగం చదివితే మరుసటి నెల దానికి దగ్గరగా ఉన్న కథ చదవడం. మొదట్లో కొందరికి ఇది పిల్లల ఆటలా అనిపించింది. 'దహించు అగ్ని' దగ్గరకు వచ్చాక అందరి అభిప్రాయమూ మారింది.

ఆ ప్రసంగానికి వాక్యం హెబ్రీ పత్రిక 12:29, "మన దేవుడు దహించు అగ్నియైయున్నాడు". ఈ మాటను నరకం గురించి హెచ్చరికగానే మనలో చాలామంది చిన్నప్పటి నుంచి విన్నాం. మెక్‌డొనాల్డ్ దాన్ని ప్రేమ గురించిన మాటగా చదువుతాడు. ప్రేమకు మించిన పట్టుదల గలది ఏదీ లేదు, ప్రేమించినవాడిలో మలినం మిగిలి ఉన్నంతకాలం అది ఊరుకోదు, కాలేది మలినమే కానీ మనిషి కాదు అని ఆయన వాదన. ఆ శనివారం చర్చ రెండు గంటలు సాగింది. మన పెద్దల్లో ఒకరు ఒప్పుకోలేదు. తీర్పు అనే మాటను ఇంత మెత్తగా చేయకూడదని గట్టిగానే చెప్పారు. ఆయన అభ్యంతరాన్ని మినిట్స్‌లో యథాతథంగా రాశాం.

తరువాతి నెల 'ది ప్రిన్సెస్ అండ్ కర్డీ' చదివాం. 1883లో వచ్చిన పిల్లల నవల. అందులో కర్డీ గనిలో పనిచేసే కుర్రాడు. రాకుమారి ముత్తవ్వ గదిలో గులాబీలే మంటలై మండుతుంటాయి. చేతులు అందులో పెట్టమంటుందామె. పెడతాడు. భరించలేని నొప్పి. తీసి చూసుకుంటే గనిలో కాయలు కాసిన అరచేతులు పసిపిల్లాడి చేతుల్లా మెత్తబడి ఉంటాయి. ఆ తర్వాత ఎవరి చెయ్యి పట్టుకున్నా లోపల ఉన్నది మనిషో మృగమో వాడికి తెలిసిపోతుంది. చూడగానే భయపడేంత వికారమైన లీనా అనే జంతువు కాలు పట్టుకుంటే వాడి చేతికి తగిలింది ఒక పసిబిడ్డ చెయ్యి. అది చదివి ముగించాక హాలులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కిందటి నెల అభ్యంతరం చెప్పిన పెద్దాయనే లేచి, "ప్రసంగంలో ఆయన ఏం చెప్పబోయాడో నాకు ఇప్పుడు అర్థమైంది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను, కానీ అర్థమైంది" అన్నారు. 16 ఏళ్ల తేడాతో ఒకే మనిషి ఒకే సంగతిని రెండు రకాలుగా రాశాడు. వేరువేరు అరల్లో ఉంటే ఆ రెండూ ఎప్పటికీ కలుసుకోవు. మన బీరువా అరలు ఆ వారమే మార్చేశాం. ఇప్పుడు రచయితల వారీగా ఉన్నాయి.

నవల లోపలే ప్రసంగాలున్న పుస్తకం ఇంకొకటి ఉంది, 1876 నాటి 'థామస్ వింగ్‌ఫోల్డ్, క్యూరేట్'. అందులో యువ పాస్టరు తన బాబాయి వదిలి వెళ్లిన ప్రసంగాలనే వారం వారం చదివేస్తుంటాడు. అందులో ఒకటి జెరెమీ టేలర్ అనే పాతకాలపు బోధకుడి ప్రసంగమని పోల్వార్త్ అనే మరుగుజ్జు కాపలాదారు పసిగట్టి, మర్యాదగా ఉత్తరం రాస్తాడు. ఆ పాస్టరు సంఘం ముందు నిలబడి అది తనది కాదని ఒప్పుకుంటాడు. ఈ భాగం చదివిన రోజు మనతో ఉన్న ఇద్దరు పాస్టరు గార్లు తమ సొంత అనుభవం చెప్పుకున్నారు. అది వాళ్లు నమ్మకంతో చెప్పినది కాబట్టి ఇక్కడ రాయను.

మత్స్యకారుల జీవితం మీద రాసిన 'మాల్కమ్' (1875) గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అందులో పల్లెకారులు స్కాట్లండ్ ఉత్తర తీరపు యాసలో మాట్లాడతారు. 1980లలో అమెరికాలో దీన్ని కుదించి, యాసను మామూలు ఇంగ్లీషులోకి మార్చి, పేరు కూడా మార్చి 'ది ఫిషర్‌మన్స్ లేడీ' అని వేశారు. 'వింగ్‌ఫోల్డ్' కూడా అలాగే 'ది క్యురేట్స్ అవేకెనింగ్' అయింది. ఆ కుదింపుల వల్లే మెక్‌డొనాల్డ్ పేరు వేలమందికి మళ్లీ తెలిసిందన్నది నిజం. మన బీరువాలో మొదట ఉన్నవీ అవే. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చదివితే పోయినదేమిటో తెలుస్తుంది. పెద జాలారిపేట నుంచి వచ్చే మన తమ్ముడొకడు ఒక పేజీ తెలుగు చేసి తెచ్చాడు. మొదటి ప్రతిలో అందరూ పత్రికల భాష మాట్లాడారు. "మీ ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటారా?" అని అడిగితే సిగ్గుపడ్డాడు. రెండోసారి రాసినప్పుడు 'సముద్రం' కాస్తా 'సంద్రం' అయింది, 'వెళ్లొద్దు' 'ఎల్లకు' అయింది, 'గాలి తిరిగీసింది' అన్న మాట వచ్చింది. మాల్కమ్ మన ఫిషింగ్ హార్బరు గట్టు మీద నిలబడినట్టే ఉన్నాడు. పుస్తకం మొత్తం ఆ తమ్ముడి చేత చేయించాలని నా కోరిక.

డిసెంబరు 10 మంగళవారం పడింది. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవాళ్లతో హాలు నిండింది. ఆ రోజు 'దహించు అగ్ని' ప్రసంగం, గులాబీ మంటల అధ్యాయం కలిపి ఒకే చిన్న పుస్తకంగా తెలుగులో విడుదల చేశాం. మన సంఘం అచ్చు వేసిన మొదటి పుస్తకం ఇదే. బైబిలు వాక్యాలను మనకు అలవాటైన పాత గ్రాంథికంలోనే ఉంచి, మిగతాదంతా వాడుక భాషలో రాశాం. దీని వెనక పడిన టెన్షన్ సభ్యులకు తెలియాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంటులో కొట్టిన ఫైలును ప్రెస్సువాళ్లు యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు పక్క అక్షరాల కిందకి జరిగిపోయాయి. అది మేము గమనించేసరికి సగం ఫారాలు అచ్చయిపోయాయి. తప్పు ప్రెస్సుదే అయినా చివరి ప్రూఫు చూడకుండా సరే అన్న తప్పు నాది. ముగ్గురు సభ్యులు మూడు రాత్రులు కూర్చుని అక్షరం అక్షరం దిద్దారు. ఆ ఫారాలు మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఖర్చు పెరిగింది. ఇకమీదట మూలం నుంచే యూనికోడ్‌లో టైపు చేయాలని కార్యవర్గం తీర్మానించింది.

మిగతా నెలల్లో చదివినవి క్లుప్తంగా చెబుతాను. బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' మొదటి భాగం 1678ది, అందరికీ తెలుసు. 1684లో వచ్చిన రెండో భాగంలో ఆ యాత్రికుడి భార్య క్రిస్టియానా పిల్లలను వెంటబెట్టుకుని అదే దారిన నడుస్తుంది. చాలా ప్రతుల్లో అది ఉండదు. మన స్త్రీల సమాజం సభ్యులకు దీని మీద కోపం వచ్చింది, న్యాయమైన కోపమే. ఇకపై రెండు భాగాలూ ఉన్న ప్రతులే కొంటాం. బన్యన్ 1688లో చనిపోయాక ఆయన రచనలను పోగుచేసి 1692లో పెద్ద సంపుటంగా వేయించింది పండితుడెవరూ కాదు, చార్లెస్ డో అనే దువ్వెనలు చేసే మనిషి. చందాదారుల దగ్గర ముందే డబ్బు తీసుకుని అచ్చు వేయించాడు. మనలాంటి సంఘానికి ఇంతకన్నా ధైర్యమిచ్చే సంగతి నాకు కనబడలేదు.

లండన్ బోధకుడు స్పర్జన్ ప్రసంగాలు 63 సంపుటాలు. అవన్నీ కొనే శక్తి మనకు లేదు, కొన్నాం అని చెప్పడం లేదు. అవి ఎలా తయారయ్యాయో తెలుసుకున్నాం. ఆదివారం చెబుతుండగా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటే, సోమవారం ఆయన దిద్దేవాడు, ఆ వారంలోనే ఒక పెన్నీకి అమ్మకానికి వచ్చేది. 1855లో మొదలైన ఆ పని ఆయన 1892లో పోయాక కూడా 1917 వరకు సాగింది. యుద్ధకాలంలో కాగితం కరువై ఆగింది. అమెరికా పాస్టరు షెల్డన్ రాసిన 'ఇన్ హిజ్ స్టెప్స్' కూడా చదివాం. టొపీకా అనే ఊళ్లో తన చర్చిలో ఆదివారం సాయంత్రాలు వేదిక మీద అధ్యాయం చొప్పున చదివి వినిపించిన నవల అది. ప్రసంగం పక్కన కథ పెట్టాలా వద్దా అనే వాదన అక్కడ అసలు పుట్టనే లేదు.

కాపీరైటు గురించి ఫిబ్రవరిలో ఒక న్యాయవాది సభ్యుడు వివరంగా చెప్పారు. మన దేశంలో రచయిత చనిపోయిన తరువాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1963లో పోయిన ఇంగ్లీషు క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ బతికుండగా వేసిన పుస్తకాలు 2024 జనవరి 1తో ఇక్కడ అందరివీ అయ్యాయి. మరణానంతరం వచ్చిన పుస్తకాలకు మాత్రం అవి అచ్చయిన ఏడాది నుంచి లెక్క. అనువాదకుడి హక్కు వేరు. మూలం పాతదే కదా అని నిన్నమొన్నటి తెలుగు అనువాదాన్ని ఎవరూ ఫోటో తీసి పంచకూడదు. మన వాట్సాప్ గ్రూపులో ఇది రెండుసార్లు జరిగింది, దయచేసి ఆపండి. మెక్‌డొనాల్డ్ ప్రసంగాల నుంచి, కథల నుంచి 365 భాగాలు ఏరి 1946లో సంకలనం వేసింది లూయిసే. వాటిలో ఎక్కువ భాగం పలకని ప్రసంగాలవి. ఆ సంకలనం వచ్చే ఏడాది చదువుకి పెట్టుకున్నాం.

చివరిగా, నా మనసుకు దగ్గరైన పని. తెలుగులో సువార్త అచ్చుకు మొదటి చేతిరాతలు తయారైంది మన ఊళ్లోనే. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషను వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్. వాళ్లకు తోడు నిలిచినవాడు ఆనందరాయర్. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి, వాళ్లు చూసుకోలేకపోయారు. అలాంటి ఊళ్లో మన తాతల కాలం పాస్టర్లు రాసుకున్న ప్రసంగాల నోటుపుస్తకాలు ఎన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయో ఆలోచించండి. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ రోజున ఒక సభ్యురాలి ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి వాళ్ల నాన్నగారి నోటుపుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఎండలో పెట్టి ఆరబెట్టడంతో పేజీలు అంటుకుపోయాయి. ఆమె వాటిని పారేయకుండా పదేళ్లు దాచి, ఈ జనవరిలో మనకు అప్పగించారు. విడదీయగలిగిన పేజీల్లో సిరా నీలంగా పాకి ఉన్నా చాలావరకు చదవవచ్చు. ఒక ప్రసంగం మధ్యలో చేప కడుపులో యోనా గురించి, మన జాలర్ల మాటల్లో, ఆయన అల్లిన చిన్న కథ ఉంది. బీరువాలో దాని చోటు గురించి మాకు ఈసారి సందేహం రాలేదు.

అందుకే కార్యవర్గం తరఫున అడుగుతున్నాను. మీ ఇళ్లలో అలాంటివి ఉంటే తీసుకురండి. తడిసినవైతే ఎండలో పెట్టకండి, నీడలో ఫ్యాను కింద పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి ఆరనివ్వండి. మన ఉప్పుగాలికి ఇనుప పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి, ముందు వాటిని తీసేయండి. కలరా ఉండలు కాగితానికి తగలకుండా విడిగా గుడ్డలో కట్టండి. ఫోటోలు తీసుకుని అసలు పుస్తకం మీకే తిరిగి ఇస్తాం. మీ అనుమతి లేకుండా ఒక్క పేజీ కూడా అచ్చు వేయం. ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం మూడు నుంచి హాలు తెరిచే ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే ఉంది.

మీ సేవలో,
కార్యదర్శి